నీళ్లంటే వణికే అమ్మ

సముద్రం మా నాయనను మింగినప్పటి నుంచి అమ్మకు నీళ్లంటే వణుకు. పంతొమ్మిది వందల అరవైలలో, ఆడపిల్లకు ఈతపోటీలేమిటని మా ఊరు జువ్వలదిన్నె అంతా నవ్వినా, నేను సాధన చేసినంతసేపూ ఆమె మోకాలి లోతులో నిలబడి, "పాపా, ఉండావా?" అని అరుస్తూనే ఉండేది.

పోటీకి ముందు ఒకరోజు పెద్ద అల నన్ను లోపలికి లాగేసింది. కేక వేయలేకపోయాను. తల పైకెత్తేసరికి, ఈత రాని అమ్మ మెడలోతు నీళ్లలో నాకోసం వస్తోంది. ఎలా ఈదానో తెలియదు, ఆమె జుట్టు పట్టి ఒడ్డుకు లాగాను.

ఉప్పునీళ్లు కక్కుతూ అమ్మ అంది: "నాకు బయ్యమే. నువ్వు మాత్రం ఈత మానబాక."

పోటీలో నేనే గెలిచాను. ఒడ్డెక్కి చూస్తే, అమ్మ సముద్రానికి వీపు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. తడిచేత్తో భుజం తాకితేగానీ తెరవలేదు.