బ్లాకుకీ బ్లాకుకీ మధ్య ఒక కాగితం

నిన్న జులై పది, గురువారం. ఉదయం ఏడున్నర.

ల్యాబ్‌కి తాళం వేసి ఉంది.

నేను పేథాలజీ పీజీలో చేరి ఇది రెండో ఏడు. ఆ తలుపుకి తాళం చూడటం ఇదే మొదటిసారి. ఎంత తొందరగా వచ్చినా లోపల వాటర్ బాత్ వేడెక్కుతూ ఉండేది, దేవసహాయం గారు బ్లేడు బిగిస్తూ ఉండేవారు.

నవ్వుకుంటూ తాళం ఫోటో తీసి ఆయనకే వాట్సాప్ చేశాను. "అంకుల్, ఇవాళ నేనే ఫస్ట్."

కాసేపటికి వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. తెల్లవారుజామున క్వార్టర్లోనే గుండె ఆగిపోయిందట.

ఆ మెసేజ్‌కి ఇప్పటికీ ఒక్క టిక్కే ఉంది.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. ఆయనది రాయగడ. ఒడిశాలోని కోరాపుట్‌లో మా ల్యాబ్ సీనియర్ టెక్నీషియన్. పేషెంట్ ఒంట్లోంచి తీసిన ముక్కని మైనంలో పెట్టి బ్లాకు చేసి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, వెచ్చటి నీళ్ల మీద పరిచి, ముడతలు పోయాక గాజు స్లైడు మీదికి ఎత్తేవారు. దాన్ని మైక్రోస్కోప్ కింద చూసి జబ్బేమిటో రాయడం మా పని.

నేను మొదటిసారి కోసిన పొరని వేలితో ఎత్తి చూపించారు.

"ఇదేటి డాక్టరమ్మీ, అప్పడమా? వేయించుకుని నంచుకుందుమా?"

ల్యాబ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఆయన నాకొక అలవాటు చేశారు. రోజూ సాయంత్రం నేను రాసిన రిపోర్టుల్లో ఒకటి తెలుగులో చెప్పాలి. "మీ అమ్మకి సెప్పినట్టు సెప్పమ్మి." మా వాళ్లు గుణుపురం దగ్గర వ్యవసాయం చేస్తారు. ఒకసారి కేన్సర్ తన పొర దాటి పక్క కండలోకి పాకడాన్ని ఎలా చెప్పాలో తోచక, "గట్టు తెగి నీరు పక్క మడిలోకి పోయింది అంకుల్" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. "అదీ మాటంటే," అన్నారు.

నాకు మాటల మీద ప్రేమ పుట్టింది ఆ సాయంత్రమే.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి.

పోయిన ఏడాది లమ్తపుట్ నుంచి ఒకామె రొమ్ములో గడ్డతో వచ్చింది. ఆమె స్లైడు నాకిచ్చారు. చూస్తే అంచున కేన్సర్ కణాల గుంపు. ఎవరూ చూపించకుండా నా అంతట నేను పట్టుకున్న మొదటి కేన్సర్ అది. ఇంగ్లీషులో మంచి మంచి మాటలు వేసి రిపోర్టు రాశాను. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. ఇక మా ప్రొఫెసర్ మేడమ్ సంతకం ఒక్కటే మిగిలింది. అది పడితే ఆమె రొమ్ము తీసేస్తారు.

అప్పుడు ఆయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేనేం చూశానో ఆయనకి తెలీదు.

ఒక బ్లాకు కోయడం అయ్యాక, ఇంకోటి మొదలుపెట్టే ముందు, బాత్‌లో నీళ్ల మీద పల్చటి కాగితం వేసి లాగేయడం ఆయన పద్ధతి. మిగిలిపోయిన తునకలన్నీ కాగితానికి అంటుకుని వచ్చేస్తాయి. లేకపోతే ఒకరి తునక తేలుతూ వచ్చి ఇంకొకరి స్లైడెక్కుతుంది.

"రెండో బ్లాకయ్యాక కాయితం వేసేనో లేదో గుర్తు రావట్లేదమ్మి. మూడో స్లైడు పక్కనెట్టు, మళ్లీ కోస్తాను."

మూడోది లమ్తపుట్ ఆమెది.

"కేన్సర్ క్లియర్‌గా ఉంది అంకుల్. రిపోర్టు కూడా రాసేశాను."

"ఉంటే మళ్లీ కోసినా ఉంటాది. ఎక్కడికీ పారిపోదు కదా."

అదే బ్లాకు మళ్లీ కోశారు. లోతుగా ఇంకో రెండు చోట్ల కూడా కోశారు. మూడు స్లైడుల్లోనూ కేన్సర్ లేదు. ఉన్నది మామూలు గడ్డ. నేను చూసిన గుంపు అంతకుముందు కోసిన రెండో బ్లాకుది. అది వేరే ఆమెది.

నిజం చెప్తున్నాను. ఒక్క క్షణం నాకు బాధేసింది, నా కేన్సర్ పోయిందని.

ఆయన నా మొహం చూశారు.

"ఏటలా మొహమెట్టేవు? ఆయమ్మ ఇంటికెళ్లిపోద్ది కదా."

అంతే అన్నారు. ఆ మాట ముందు నేను రాసిన ఇంగ్లీషంతా చిన్నబోయింది.

తర్వాత ఆయనే మేడమ్ దగ్గరికి వెళ్లి, అందరూ వింటుండగా ఒడియాలో "మోర భుల్ హెలా, మేడమ్" అన్నారు. తప్పు నాదే అని. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అన్నేళ్ల సర్వీసున్న మనిషి ఒక అనుమానాన్ని దాచుకోలేదు.

ఆ పేషెంటుకి ఇదేదీ తెలీదు. ఈపాటికి లమ్తపుట్‌లో పొలం పనిలో ఉండి ఉంటుంది.

ఇవాళ రాయగడలో ఆయన్ని సమాధి చేశారు. వాన పడుతూనే ఉంది. ఆయన భార్య, ఆంటీ, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకున్నారు. ఉన్నట్టుండి, "కోడికూర మీద నూనె తేలినా కాయితం వేసి లాగేసేవోరమ్మా మీ అంకుల్. ఎంత తిట్టినా మానీవోరు కాదు," అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే ఏడ్చేశాం.

ఇప్పుడు కోరాపుట్ వెళ్లే రైల్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ల్యాబ్ తాళంచెవి నా బ్యాగులో ఉంది. మేడమ్ ఇచ్చారు.

మీ చేతులకి ఇక విశ్రాంతి అంకుల్. దేవుడి దగ్గర హాయిగా ఉండండి.

రేపు ఉదయం ఏడున్నరకి తలుపు నేను తీస్తాను. పదకొండు బ్లాకులు ఉన్నాయి. ప్రతి బ్లాకు తర్వాతా కాగితం వేస్తాను. వేశానో లేదో గుర్తు రాకపోతే, మళ్లీ కోస్తాను.