ఎండ దిగాకే సోలార్ ప్లేట్లు

తొమ్మిదింటికి పాపతో జనగామలో తొర్రూరు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టర్ జీరో టికెట్ కొట్టాడు. నర్సింహులపేట అవతల, బావికాడ మా అమ్మానాయినల రేకుల ఇల్లుంది. అక్కడికి లైన్ కరెంటు రాదు. కప్పు మీది రెండు సోలార్ ప్లేట్లే ఆధారం. రేకులు మార్చాలని నాయిన తానే వాటిని దించుతానన్నాడు. భూపాలపల్లి గనిలో ఎలక్ట్రీషియన్ అయిన మా ఆయనకు సెలవు దొరకలేదు. ఏది ముందు విప్పాలో ఫోన్లో చెప్పబోతే, "నాకు తెల్వదా అల్లుడా" అని నాయిన పెట్టేశాడట. అది విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు; విప్పే వరుసంతా ఆయన దగ్గర నేర్చుకుని బయల్దేరాను.

దేవరుప్పుల దాటాక పాప ఏడుపందుకుంది. పక్కసీటు అవ్వ చేతుల్లోకి తీసుకుని, "నువ్వు జర నిమ్మలంగుండు బిడ్డా. నీ పరేషానంత పిల్లకు అంటుతున్నది" అంది. పాప ఆమె భుజం మీదే నిద్రపోయింది.

తొర్రూరులో బస్సు మారి, నర్సింహులపేటలో ఆటో ఎక్కి, బావి దగ్గర దిగేసరికి మిట్టమధ్యాహ్నం. నాయిన పానా పట్టుకుని బ్యాటరీ ముందు కూర్చున్నాడు.

"నాయినా, ఆగు! దాన్ని ముట్టకు!"

"గిదేంది బిడ్డా? ట్రాక్టర్ పని ఏది చేసినా ముందు బ్యాటరీ వైరే గద పీకుత?"

"ట్రాక్టర్ ఎండకు కరెంటు పుట్టియ్యదు నాయినా. బ్యాటరీ ముందు తీస్తే, ప్లేట్ల కరెంటును బ్యాటరీకి పంపే గా కంట్రోలర్ డబ్బా కాలిపోతది. ఎండల ప్లేట్ల వైరు గుంజితే చేతులనే మంట లేస్తది. పొద్దు గూకినంక చేద్దాం."

"నాలుగింటి బస్సుకు పోతనంటివి?"

"పోను."

పొయ్యి దగ్గర నుంచి అమ్మ నవ్వింది. "నా మాట ఏనాడన్న ఇన్నవా? ఇగ బిడ్డకు దొరికినవ్."

ఎండ దిగాక నాయిన నిచ్చెనెక్కి ప్లేట్ల మీద గొంగళ్లు కప్పి వచ్చాడు. నేను పాపను ఎత్తుకుని ఒక్కొక్కటే చెప్పాను. బల్బులు, ఫ్యాను బంద్. ప్లేట్లకూ డబ్బాకూ మధ్యనున్న స్విచ్ బంద్. తర్వాత డబ్బాలోంచి ప్లేట్ల వైర్లు. రెండు కొనలకూ విడివిడిగా టేపు. చిట్టచివర బ్యాటరీ. నాయిన ప్రతిసారీ "ఇగ?" అని అడిగి, నేను చెప్పేదాకా చెయ్యి కదపలేదు.

మరునాడు, ప్లేట్లు కిందికి దిగి రేకుల పని నడుస్తుండగానే తిరుగు ప్రయాణమయ్యాను. రెండు బస్సులు, ఒక ఆటో, పసిపిల్లతో అలసటే. కానీ ఫోన్లో వినని మనిషి ఎదురుగా నిలబడితే విన్నాడు. ఆ మాత్రానికి ఒక పూట దారి ఎక్కువనిపించలేదు.

బస్సు పాలకుర్తి దాటుతుండగా నాయిన ఫోన్.

"రేకులైనయి బిడ్డా. మళ్ల బిగించేటప్పుడు ముందు బ్యాటరీయే గద? ఆ తర్వాతనే ప్లేట్లు?"

"ఆఁ నాయినా. స్విచ్ బంద్ ఉంచు."

"ఉంచిన. ఎండ దిగేదాక కూసుంట. నువ్వు బుగులు పడకు."

పాపను ఛాతీకి ఆనించుకుని, సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను.