దెబ్బ పక్కకు జరిగిన పైసా

జనగామలో రాగి బిందెలు చేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఏ రాగి వస్తువునైనా కళ్లతో చూడకముందే బొటనవేలితో తడిమేవాడు. నాకు నాణేల పిచ్చి ఉంది గానీ నాణ్యం తెలియదు. దేవరుప్పులలో మా మేనత్త ఇచ్చిన పాత రాగి పైసలు నాలుగు తోమించుకుందామని ఆయన దగ్గరికి వెళ్లాను.

అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. దెబ్బ తప్పుతోందని కొడుకు సుత్తి తీసేసుకుని, చింతపండుతో బిందెలు తోమే పని అప్పగించాడు. లోపల సుత్తి చప్పుడు మొదలైతే చాలు, ఈయన తోమే చెయ్యి ఆగిపోయేది.

"ఇందులో ఒకటి పారేసేదే. అచ్చు పక్కకు పోయి సగం అక్షరాలే పడ్డాయి" అన్నాను.

ఆయన బొటనవేలు దాని మీద చాలాసేపు తిరిగింది.

"గిది మిషన్ల చేసింది కాదా, సారూ?"

"కాదు. అప్పట్లో చాలా ఊళ్లలో పైసలు చేసే టంకశాలలు ఉండేవి. రెండు అచ్చుల నడుమ రాగి బిళ్ల పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు."

"మరి దెబ్బ తప్పినా బజార్ల తీసుకున్నరా?"

"తీసుకున్నారు. చేతులు మారీ మారీ ఎంత అరిగిందో చూడండి."

ఆయన లోపలికి తిరిగి కొడుకును పిలిచాడు.

"అరేయ్, జర గా సుత్తి ఇటియ్యి."

"నాయినా, మల్ల సొట్ట పడ్తె ఎవరు కొంటరే?"

"సొట్ట పడ్తె సారే తీస్కపోతడు తియ్యి."

నన్నెవరూ అడగలేదు. కొడుకు నవ్వుకుంటూ సుత్తీ, సగం చేసిన బిందె ఒకటీ అందించాడు. ఆ బిందె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. తిన్నగా నిలబడదు గానీ, చుక్క నీరు కారదు.