మా నాన్న ఐదోవాడు

రాయగడలో మాజీ సైనికుల క్లబ్బు గోడలు రాతిగోడల్లా కనిపించేవి. తట్టి చూస్తే ప్లైవుడ్డు. అరవైల చివర్లో మద్రాసు నుంచి ఓ సినిమా కంపెనీ వచ్చి, కకిరిగుమ్మ దగ్గర కొండల్లో మిలిటరీ క్యాంపు సెట్టు వేసి యుద్ధం సీను తీసింది. సైనికుల వేషాలకి చుట్టుపక్కల ఉన్న అసలు మాజీ సైనికుల్నే పిలిచారు. షూటింగ్ అయ్యాక సెట్టుని వెనక్కి మోసుకెళ్లడం దండగని వీళ్లకే వదిలేశారు. వీళ్లు దాన్ని లారీల్లో రాయగడ తెచ్చి, పైన రేకులు కప్పి, క్లబ్బు కట్టుకున్నారు. తర్వాత కంపెనీవాళ్లు ఓ పాత ప్రొజెక్టరూ, వీళ్లు కనిపించే రీలు ముక్కా పంపించారు.

ఆ ముక్క రెండు నిమిషాలు కూడా ఉండదు. ఏడుగురు కొండెక్కుతుంటారు. తూటాలు తగిలి ఒకరి తర్వాత ఒకరు పడిపోతారు. మా నాన్న ఐదోవాడు. నెలకో ఆదివారం మధ్యాహ్నం కిటికీలకి కంబళ్లు కట్టి, ఆ ముక్క వేసుకుని, ఎవడు బాగా చచ్చాడో వాదించుకునేవాళ్లు.

నేను విశాఖపట్నంలో మేనత్త ఇంట్లో పెరిగాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం రాయగడలో రావడంతో నాన్న దగ్గరికి చేరాను. ఆయన అప్పటికి మునిసిపాలిటీ నీళ్లపంపు దగ్గర పనిచేస్తున్నాడు. రోజంతా నా చేతిలో ఫోనే. గట్టిగా మాట్లాడితే ఎంత పెద్ద ఆఫీసరు లైనైనా కట్ చేసేసేదాన్ని.

నేను వచ్చేసరికే సినిమాలో మొదట పడ్డవాడు, తర్వాత పడ్డవాడు, అదే వరసలో నిజంగా పోయారు. దాని మీద క్లబ్బులో జోకులు నడిచేవి. మూడోవాడు పోయాక జోకులు ఆగిపోయాయి. ఆ వానాకాలం నాలుగోవాడు మలేరియాతో పోయాడు. ఆ తర్వాత రీలు బయటికి తియ్యలేదు.

ఓ సాయంత్రం నాన్న క్లబ్బు నుంచి తొందరగా వచ్చేసి, చెప్పులు విప్పకుండా కూర్చున్నాడు.

"పేకాటలో నన్ను గెలిపించేస్తన్నారమ్మి. టీ కూడా ముందు నాకే."

నాలుగోవాడి తర్వాత ఆయనేనని అక్కడ అందరూ లెక్కేసుకున్నారన్నమాట.

నెల తిరక్కుండా కడుపునొప్పి మొదలైంది. కళ్లు పచ్చబడ్డాయి. పిత్తాశయంలో రాళ్లున్నాయి, విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించండి, ఇలాంటి నొప్పి ఇంకోసారి వస్తే చెప్పలేను అన్నాడు డాక్టరు.

"నానెల్లను," అన్నాడు నాన్న.

"ఎందుకెళ్లవు?"

"ఆ బల్ల మీద పడుకుంటే మరి లెగను. నా నంబరొచ్చేసింది."

"నంబరేంటి? రేషన్ షాపులో నించున్నావా?" అని అరిచాను.

"అరవకు. మాకు మిలట్రీలో ముందు నేర్పిందే అది. లైను తప్పకూడదు."

తిన్నగా క్లబ్బుకి పోయాను. ఆడవాళ్లు అడుగుపెట్టే చోటు కాదది. పేక ముక్కలు పట్టుకుని అందరూ నోరెళ్లబెట్టారు. ఆ రీలిచ్చెయ్యండి, తగలబెడతానన్నాను. సెక్రటరీ ముసలాయన నా మీద విసుక్కోలేదు.

"తగలెట్టెస్తే లైను ఆగిపోద్దంటావేటమ్మి?"

వెటకారం కాదు. నిజంగా అడుగుతున్నాడు. నా దగ్గర జవాబుంటుందేమోనని అందరూ చూస్తున్నారు. రీలు తీసుకోకుండానే బయటికొచ్చేశాను.

ఆరోవాడికి బిస్సమ్ కటక్‌లో సైకిల్ షాపు. వారానికోసారి బొప్పాయి పట్టుకుని నాన్నని చూడ్డానికి వచ్చేవాడు.

"ఒరే, నీకోసం కాదురా, నాకోసం కోయించుకో. నీ ఎనకాల నానున్నాను."

"అంత తొందరైతే నువ్వే ముందెల్లిపోరా," అనేవాడు నాన్న.

ఇద్దరూ నవ్వేవాళ్లు. గుమ్మం దాటాక మాత్రం ఆయన నా చెయ్యి పట్టుకునేవాడు. "ఎలాగోలా ఒప్పించమ్మి. రెండ్రోజులై ముద్ద దిగట్లేదు నాకు." ఆ చెయ్యి చెమటతో జారిపోయేది.

ఎక్స్ఛేంజిలో ఏదైనా లైను నుంచి పిలుపొచ్చి బోర్డు మీద దాని మూత టక్కున పడ్డప్పుడల్లా నాన్న గురించేననుకునేదాన్ని. ఓ ఉదయం అలాగే పడింది. బిస్సమ్ కటక్ పోస్టాఫీసు నుంచి ఓ ఆడగొంతు. క్లబ్బుకి ఫోను లేదు, వాళ్ల కబుర్లన్నీ నాకే వచ్చేవి.

"క్లబ్బోలకి సెప్పండమ్మా. మా నాన పోయేడు. సైకిలికి టైరెక్కిస్తూ అలాగే ఒరిగిపోయేడు."

నేను నవ్వాను. నవ్వాలని కాదు. ఎన్నాళ్లనుంచో బిగబట్టిన ఊపిరి నోట్లోంచి అలా వచ్చింది.

"ఎవరండీ నవ్వేరు?" అంది ఆ అమ్మాయి.

"క్రాస్‌టాక్ అమ్మా. వేరే లైను కలిసింది."

డ్యూటీ పక్కావిడకి అప్పగించి పంపుహౌసుకి పరిగెత్తాను. "నాన్నా, ఆరోవాడు పోయాడు. నీకంటే ముందు పోయాడు. లైనూ లేదు, ఏమీ లేదు." పరీక్ష పాసైనట్టు చెప్పాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. "ఏటమ్మి, పళ్లు కనిపిస్తన్నాయి?"

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన పంపు ఆపేసి, మెట్టు మీద కూర్చున్నాడు. "నాకన్నా ఆడే ఎక్కువ బయపడ్డేడు," అన్నాడు.

దహనానికి వెళ్లొచ్చి, ఆపరేషన్‌కి పెట్టె సర్దమన్నాడు. ఆ వారమే విశాఖపట్నం రైలెక్కాం.

ఆసుపత్రిలో నర్సు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని కాగితం ఇచ్చింది. నాన్న పెన్ను తీసుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఎప్పుడు పోతానో తెలిసినట్టుండీది. ఇప్పుడేటీ తెల్దు," అన్నాడు. ఆయన చేతిని నా చేత్తో పట్టుకుంటే సంతకం పెట్టాడు. ఆ సంతకం మాలో ఎవరిదీ కానట్టు వచ్చింది.

బయట బెంచీ మీద కూర్చున్నాను. ఒకరి చావుకి నవ్వినదాన్ని, ఇంకొకరి ప్రాణం ఏ మొహంతో అడగను? ఎవరికీ దణ్ణం పెట్టలేకపోయాను. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నేల వైపే చూశాను.

మూడు గంటలయ్యాక నర్సు వచ్చింది. "మీ నాన్నగారు నీళ్లడుగుతున్నారు. తాగించకండి. పెదాలు తడపండి చాలు."

దూది ముంచి తడిపాను. పిండకుండా పెట్టేసరికి నీళ్లు మెడ మీదికి కారిపోయాయి.

"సరిగ్గా ఎట్టు," అన్నాడు కళ్లు తెరవకుండా.