ఏడు జానల బల్ల కోసం తడ దాకా

చిన్న ఆఫీసుకు బల్లలు, కుర్చీలు కొనాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నాది పాకాల. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నా భార్య వసంత ముప్పై ఏళ్ళు రెవెన్యూ ఆఫీసుల్లో గుమస్తాగా చేసింది. రిటైరయ్యాక బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుంది. చదువు రానివాళ్ళకు ఉచితంగా అర్జీలు రాసిపెడతానంది. గదికి కావలసిన సామాను ఒక కాగితం మీద రాసుకుంది. ఆఫీసు తెరవకముందే తను పోయింది. ఎనిమిది నెలలయింది. మొన్న గురువారం ఆమెతో పనిచేసిన మార్తమ్మ మా ఇంటికి వచ్చింది. "అన్నా, ఆ గదిలో నేను కూసుంటా. సోమవారం అర్జీల రోజు, జనానికి చెప్పేసినా. బల్లా కుర్చీ తెచ్చిపెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అంది. చేతిలో మూడు రోజులున్నాయి.

వసంత కాగితంలో మొదటి వాక్యం: "తిరుపతిలో కొనొద్దు, తడకు పోవాలి." నేను శుక్రవారం తిరుపతికి వెళ్ళాను. బస్సులో గంట ప్రయాణం, దగ్గర కదా అనుకున్నాను. పెద్ద షాపు. సేల్స్‌మన్ మర్యాదస్తుడు. "ఆఫీసులో ఎంతమంది స్టాఫు సార్?" అని అడిగాడు. ఒకరు అన్నాను. "మరి మేనేజరు?" ఆ ఒకరే అన్నాను. "అటెండరు?" ఆవిడే అన్నాను. కాసేపు ఆలోచించి పద్దెనిమిది వేల రూపాయల బల్ల చూపించాడు. దానికి పక్కన పిలుపు గంట ఉంది. కొడితే ఎవరొస్తారని అడిగాను. ఆయన ఒకసారి కొట్టి చూపించాడు. మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చేశాను.

శనివారం ఉదయం ఐదున్నరకు మినీ వ్యానులో బయల్దేరాం. చంద్రగిరి మీదుగా తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, అక్కణ్ణుంచి వరదయ్యపాళెం దారిలో తడ. ఒకవైపు నూట ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. రానూ పోనూ డీజిలుతో కలిపి ఐదు వేలు. డ్రైవరు మునిరత్నానిది ఐరాల. చంద్రగిరి దాటేలోపే నా ఆఫీసు సంగతంతా రాబట్టాడు.

"అర్జీ రాసినందుకు ఎంత తీసుకుంటారు సార్?"

"ఏమీ తీసుకోం."

"మరి అది ఆఫీసెట్లవుతాది సార్?" అన్నాడు. తర్వాత వాళ్ళ నాయన సంగతి చెప్పాడు. ఆయన పేరు మునెప్ప. పొలం కాగితాల్లో మునెమ్మ అని పడింది. "మూడేండ్లుగా మా నాయన ఆడమనిషిగానే ఉండాడు సార్. ఎవురికి చెప్పుకున్నా నవ్వుతారు గానీ రాసిచ్చేవాడు లేడు."

రేణిగుంట దాటాక రోడ్డు పక్కన ఒక పెద్దావిడ దోసెలు పోస్తోంది. ఎర్రకారం పూసిన దోసె, పైన పప్పుల పొడి. నేను ఒకటి తిని చాలన్నాను. "ఒక్క దోసెకేనా అబ్బా బండి నిలిపింది?" అని ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి ఇంకోటి వేసింది. దాన్ని మునిరత్నం తన నాలుగింటితో కలిపి తిన్నాడు. నూట యాభై అయింది. మీరు ఆ దారిన వెళితే ఏడున్నరలోపు ఆగండి. తర్వాత పిండి అయిపోతుందట.

తొమ్మిదిన్నరకు తడ చేరాం. చుట్టుపక్కల కంపెనీలు ఆఫీసులు మార్చినప్పుడు పాత సామాను హైవే పక్క షెడ్లకు వస్తుంది. మేం వెళ్ళిన షెడ్డు పళనిది. తెలుగు, తమిళం రెండూ కలిపి మాట్లాడే సన్నటి మనిషి. ఆయనకు కాగితం చదివి వినిపించాను. "బల్ల: ఏడు జానల పొడవు. మించకూడదు. కుర్చీ: తిరగకూడదు. బెంచీ: వీపు ఆనించుకునేది. ముసలోళ్ళు వస్తారు. బీరువా: ఆయన కొందామంటారు. వద్దు."

షెడ్డులో రెండు మూడు వందల కుర్చీలున్నాయి. అన్నీ తిరుగుతాయి. "తిరగని కుర్చీ ఈ కాలంలో ఎవురికి కావాల సార్? ఇది సూడండి, రొంబ బాగా తిరుగుతాది" అని పళని ఒకదాన్ని తిప్పి చూపించాడు. అది చాలాసేపు తిరిగింది. తిరిగే కుర్చీలో కూచున్నవాళ్ళకు ఎదుటి మనిషి మాట పూర్తికాకముందే అటు తిరిగిపోవడం అలవాటవుతుందని వసంత అనేది. ఆ మాటే చెప్పాను. పళని తల గోక్కుని ఒక మూల నుంచి నాలుగు కాళ్ళ కుర్చీ లాక్కొచ్చాడు. "ఇది ఆఫీసరు కుర్చీ గాదు సార్. ఆఫీసరు ముందర యేసేది."

"అదే ఇవ్వండి."

ముగ్గురు కూర్చునే ఇనప బెంచీ వెంటనే దొరికింది. వీపు ఆనించి చూశాను, బాగుంది. దాని పక్కన బూడిదరంగు బీరువా ఉంది. నాలుగు అరలు, తాళం పనిచేస్తోంది, రెండున్నర వేలే. తలుపు తెరిచి మూశాను. మళ్ళీ తెరిచాను.

"బాగుండాది సార్, తీసుకోండి" అన్నాడు మునిరత్నం.

"వద్దన్నారు."

"ఎవురు?"

కాగితం చూపించాను. చదివి, బీరువా తలుపు తనే మూసేశాడు.

ఇక బల్ల. నచ్చినదాని మీద వేళ్ళు చాచి కొలిచాను. సరిగ్గా ఏడు జానలు. ఇదే అన్నాను. పళని కొలిస్తే ఎనిమిది దాటింది. మునిరత్నానికి ఏడున్నర. టీ తెచ్చినాయన ఫ్లాస్కు కిందపెట్టి మరీ కొలిచి ఎనిమిదని తేల్చాడు. ముప్పై నాలుగేళ్ళపాటు నేను చెప్పిన మొదటి పాఠం కొలతలు, ప్రమాణాలు. జాన మనిషికొక రకం కాబట్టి కొలతగా పనికిరాదని ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి. బల్ల మీద చెయ్యి చాచి, నలుగురి మధ్య నిలబడ్డప్పుడు ఆ పాఠం గుర్తొచ్చింది.

"కాగితంలో ఎవురి జాన సార్?" అన్నాడు పళని.

"మా ఆవిడది."

"అయితే ఏముండాది, అమ్మకు ఫోను కొట్టి..."

మునిరత్నం ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పళని జేబులోంచి సగం తీసిన టేపు మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "టీ తాగండి సార్" అన్నాడు.

టీ తాగి మార్తమ్మకు ఫోన్ చేశాను. గదిలోనే ఉంది, సున్నం వేయిస్తోంది. వసంత అక్కడ బల్లకు ఏమైనా కొలిచిందా అని అడిగాను.

"ఏమో అన్నా. కిటికీ కింద గోడ మీద సుద్దతో నిలువు గీతలుండాయి. ఎవురో పిల్లోళ్ళు గీసినారనుకున్నా. రెండు గోడలైపోయినాయి, ఇప్పుడు ఆయప్ప దానికే... ఒరేయ్, ఆపరా! బ్రెష్షు ఎత్తు! ఎత్తమంటే ఎత్తు!"

డబ్బా దొర్లిన చప్పుడు వినిపించింది. నేను ఫోన్ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

"ఆపినా అన్నా. ఒక గీత మీద రెండు సుక్కలు పడినాయి, అంతే."

"ఎన్ని గీతలు?"

"ఎనిమిది."

"ఎనిమిది జానలు సార్!" అన్నాడు పళని సంతోషంగా. ఎనిమిది గీతలంటే మధ్య ఖాళీలు ఏడేనని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. టీ గ్లాసులు వరసగా పేర్చి చూపించాల్సి వచ్చింది. గ్లాసులు చాలక టీ ఆయన ఇంకో రెండు ఇచ్చాడు. మార్తమ్మ దగ్గర టేపు లేదు, పన్నెండంగుళాల స్కేలుంది. మొదటి గీత నుంచి చివరి గీతకు నాలుగు స్కేళ్ళు, పైన నాలుగంగుళాలు. మొత్తం యాభై రెండు. పళని టేపు పెడితే నేను ఎంచిన బల్ల అరవై మూడు. "అంత పెద్దదైతే తలుపు సగమే తెరుసుకుంటాది అన్నా. వచ్చేవాళ్ళు పక్కకు తిరిగి దూరాల" అంది మార్తమ్మ.

యాభై రెండును ఏడుతో భాగిస్తే ఏడున్నర అంగుళాలకు కాస్త తక్కువ. ముప్పై ఒక్కేళ్ళు కలిసి ఉన్నాం. ఆ చెయ్యి అంత చిన్నదని నాకు తెలియదు.

అక్కడి బల్లలు నాలుగడుగులవీ ఐదడుగులు దాటినవీ. పళని వెనక్కి వెళ్ళి గంటసేపు వెతికాడు. చివరికి ఎవరో అవసరానికి కోయించుకున్న యాభై ఒక్క అంగుళాల బల్ల దుమ్ముతో సహా వచ్చింది. మధ్యలో కంప్యూటరు వైర్లు దూర్చే బొక్క ఉంది. "పెన్నులు నిలబెట్టుకోవచ్చు సార్" అన్నాడు. ఒక పెన్ను వేసి చూశాం. కిందపడింది. ఆ బొక్క పేరు చెప్పి మునిరత్నం ఎనిమిది వందలు తగ్గించాడు. మూడు వస్తువులూ కలిపి ఏడు వేల ఆరు వందలు. హైవే మీద భోజనం మనిషికి నూట పది, సాంబారు బాగుంది. ఒంటిగంటన్నరకు బయల్దేరి ఆరులోపు పాకాల చేరాం.

గదిలో మూడు గోడలు తెల్లగా ఉన్నాయి. నాలుగో గోడ కిటికీ కింద మాత్రం పాతగా ఉంది. బల్ల అక్కడికి జరిపితే మొదటి గీతకూ చివరి గీతకూ మధ్య కూర్చుంది, అటూ ఇటూ అర అంగుళం మిగిలింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది. మునిరత్నం వాళ్ళు బెంచీ దించుతుండగా రెండు గీతల మీద నా చెయ్యి పెట్టి చూశాను. చిటికెన వేలు అవతలికి పోయింది. "ఈ గోడకు రేపు సున్నం ఏపిద్దునా అన్నా?" అని అడిగింది మార్తమ్మ. వద్దన్నాను.

సోమవారం తొమ్మిదికి మొదట వచ్చినవాడు మునిరత్నం నాయన మునెప్ప. తలుపులోంచి నేరుగా నడిచొచ్చి, బెంచీకి వీపు ఆనించి, "యాడ రాస్తారమ్మా, నన్ను మగోణ్ణి చేసేది?" అన్నాడు. మార్తమ్మ నవ్వుతూనే కాగితం తీసింది. కుర్చీ తిరగదు కాబట్టి ఆయన వైపే చూస్తూ రాసింది. నేను బెంచీ చివర కూర్చుని చూశాను. గదిలో బీరువా లేని లోటు నాకు తప్ప ఎవరికీ కనిపించలేదు. ఈ ఆఫీసుకు నేను చేసింది వ్యాను మాట్లాడటం, కాగితం చదవడం. మిగిలినదంతా వసంత ముందే కొలిచి పెట్టింది.

తడకు వెళ్ళేవాళ్ళు శనివారం ఉదయమే వెళ్ళండి, టేపు మరచిపోకండి. మీ ఇంట్లో చేత్తో కొలిచే మనిషి ఉంటే, ఆ జాన ఎన్ని అంగుళాలో ముందే కొలిచి రాసిపెట్టుకోండి.