బాపు నోట్లో బీడీ

నా చిన్నప్పుడు మా ఊళ్లో పటమై గోడకెక్కే యోగం దేవుళ్లకూ, చచ్చిపోయినవాళ్లకూ మాత్రమే ఉండేది. బతికున్న మనిషి ఫోటోకు దండ వేసి గోడకు తగిలించారంటే ఆ ఇంటికి కీడు వచ్చినట్టే. ఈ సంగతి నాకు తెలియక కాదు, బొమ్మ వేస్తున్నంతసేపూ తట్టలేదు, అంతే. బొమ్మ మీద పడ్డానంటే నాకు అన్నం నీళ్లు కూడా గుర్తుండేవి కావు.

మాది కోరుట్ల పక్కన పల్లె. మా బాపు, అదే మా నాన్న, గల్ఫ్‌కు పోయి అప్పటికి రెండేళ్లు. మొదట్లో నెలనెలా ఉత్తరం వచ్చేది. ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి ఉత్తరం లేదు, కబురు లేదు. మా అమ్మా, నాయనమ్మా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు గానీ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. ఊళ్లోవాళ్లు మాత్రం "ఏమన్న తెలిసిందా?" అని అడిగేవాళ్లు, రోజురోజుకూ గొంతు తగ్గించి. చివరికి అడగడమే మానేశారు. అదే నాకు ఇంకా భయంగా ఉండేది.

అదే సమయంలో సర్కారువాళ్లు హైస్కూలు పిల్లలకు జగిత్యాలలో బొమ్మల పోటీ పెట్టారు. 'నాకు ఇష్టమైన మనిషి' బొమ్మను ఇంటి దగ్గర వేసుకుని తీసుకుపోవాలి. తొమ్మిదో తరగతిలో నన్నే ఎంచి, మా డ్రాయింగ్ సారు ఒక మందపాటి కాగితం ఇచ్చారు. ఇంకొకటి లేదు, జాగ్రత్త అన్నారు.

ఇంట్లో బాపుది ఒక్కటే ఫోటో, ప్రయాణం రోజున కోరుట్ల స్టూడియోలో దిగింది. మెడలో చుట్టాలు వేసిన బంతిపూల దండ. దూరానికి కనబడాలని సారు చెప్పినందుకు ముఖం పెద్దగా వేశాను. ఆ పూల పసుపు ఎంత బాగా కుదిరిందో! చుట్టూ నల్లటి అంచు కూడా గీశాను. కోళ్లు తొక్కకుండా ఆరాలని, తలుపుకు ఎదురుగా గోడకు తగిలించి మురిసిపోయాను.

పక్కింటి అక్క మా జల్లెడ తిరిగి ఇవ్వడానికి వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. గోడను చూసింది, నన్ను చూసింది. జల్లెడ అక్కడే పెట్టి, గబగబా వెళ్లిపోయింది.

కాసేపటికి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. పట్టపగలు, చేతుల్లో చాటలు ఉండాల్సిన వేళ. ఒకామె నన్ను దగ్గరకు తీసుకుని తల నిమిరింది. నాకు తప్ప అందరికీ ఏదో తెలిసిపోయిందని అనిపించింది.

అమ్మ కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వస్తూ సందు మలుపులోంచి వాళ్లను చూసింది. అంతమంది ఆడవాళ్లు ఒక ఇంటి ముందు ఊరికే కూర్చోరు కదా. పరుగున వాకిట్లోకి వచ్చింది. "ఎవలు చెప్పిండ్రు?" అని అడిగింది. ఎవరు చెప్పారని అంటారు? చెప్పినవాళ్లెవరూ లేరు. ఒకామె మా ఇంటి లోపలి గోడ వైపు చేయి చూపించింది. అమ్మ అక్కడే మట్టిలో కూలబడింది.

అప్పుడు దొడ్లోంచి నాయనమ్మ వచ్చింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. లోపలికి పోయి బొమ్మ తీసి, రంగులతో సహా తెచ్చి అందరి ముందూ అరుగు మీద పెట్టింది.

"ఇది నా మనుమరాలు ఇస్కూల్ పోటీకి ఏసిన బొమ్మ. కబురచ్చిందని మీకెవలు చెప్పిండ్రే?"

నేను వద్దు వద్దంటున్నా వినకుండా కుంచె తీసుకుని, బాపు పెదవుల మధ్య ఒక వంకర బీడీ గీసింది. దాని కొసన ఎర్ర చుక్క పెట్టి, పైకి పొగ కూడా లాగింది.

"గోడ మీది పటంల బీడీ తాగేటోన్ని ఎన్నడన్న సూసిండ్రా? నా కొడుకు తాగుతుండు, సూడుండ్రి!"

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. ఒకరి వెనక ఒకరు లేచారు. నాయనమ్మ అమ్మ రెక్క పట్టి లేపింది. "మొకం కడుక్కొని బొట్టు దిద్దుకో బిడ్డా. కబురు రాకముందుకే ఏడ్సుడేంది? ఏడ్సే దినమస్తే అందరికంటె ముందు నేనే ఏడుస్త. గందాక నా కొడుకు ఉన్నడు."

నేను మాత్రం బొమ్మ పాడైందని వెక్కి వెక్కి ఏడ్చాను. పోటీ తెల్లవారే. నాయనమ్మ మీది కోపంతో రాత్రి అన్నం కూడా ముట్టలేదు.

జగిత్యాలలో బొమ్మలు చూడటానికి వచ్చిన మేడం నా దగ్గర ఆగారు. దండనూ బీడీనీ మార్చి మార్చి చూశారు.

"ఎవరమ్మా ఈయన?"

"మా బాపు."

"ఉన్నారా?" అని మెల్లగా అడిగారు.

వాకిట్లో కూర్చున్న ఆ ముఖాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. "ఉన్నడు మేడం. గల్ఫ్‌ల ఉన్నడు," అన్నాను. ఆ మాట నేను నమ్మి అన్నానో, భయపడి అన్నానో ఇప్పటికీ చెప్పలేను. బహుమతి రాలేదు. "బీడీ తాగేటోనికి సర్కారు బహుమతి ఎట్లిస్తదే పిచ్చిపిల్లా?" అని సారు బస్సులో నవ్వారు.

దీపావళి దాటాక కబురు వచ్చింది. అక్కడ బాపు గదిలోనే ఉండే పెగడపల్లి మనిషి సెలవు మీద వచ్చి, మా ఇంట్లో తల వంచుకుని కూర్చుని చెప్పాడు. కడుతున్న బిల్డింగు మీది నుంచి పడ్డాడట. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. నాయనమ్మ ఒక్కటే అడిగింది, ఎప్పుడు పోయిండని. దసరా పోయినంక అన్నాడు. మా పోటీ దసరాకు ముందు వచ్చే బతుకమ్మ ఆటలు మొదలు కాకముందే అయిపోయింది. అంటే వాకిట్లో ఆడవాళ్లు కూర్చున్న రోజున బాపు మంచం మీద బతికే ఉన్నాడు. తెలివి వచ్చినప్పుడల్లా ఇంటి దగ్గర ఎట్లున్నారో అని అడుగుతున్నాడట. అది విన్నాక నాయనమ్మ ఏడ్చిన ఏడుపు వాడంతా విన్నది. ఆ రోజు ఆమెను ఆపిన వాళ్లు లేరు.

ఇప్పుడు మా అల్లుడు కూడా గల్ఫ్‌లోనే ఉన్నాడు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి గానీ భయం ఎటూ పోలేదు. రెండు రోజులు ఫోన్ కలవకపోతే చాలు, ఇరుగుపొరుగు ముఖాలు మారిపోతాయి, మా బిడ్డ కంచం ముందు నుంచి లేచిపోతుంది. నాకూ భయమే, ఎందుకుండదు? అయినా నాయనమ్మ మాటే చెప్పి, అన్నం కలిపి, బిడ్డ పక్కన కూర్చుని, తినేదాకా కదలను.