పిన్ను పీకినా ఆగని గురక

దెయ్యాలు, గాలి సోకడాలు, ఇలాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. చీపురుపల్లి దగ్గర పల్లె మాది. మా పుట్టింటి పొలం శ్మశానం పక్కనే ఉండేది. చిన్నప్పుడు చీకటి విడవకముందే ఒక్కదాన్నే వెళ్ళి మడికి నీళ్ళు కట్టేదాన్ని. నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ పట్టుకోలేదు. మా వీధిలో ఎవరైనా దెయ్యం కబుర్లు మొదలెడితే "పనీ పాటా నేదేటి మీకు" అని లేచి వచ్చేసే రకాన్ని. ఈ సంగతి కూడా ఇంకొకరు చెబితే నవ్వేసేదాన్నే. నాకే జరిగింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం దువ్వాడలో ఉంటాం. మా ఆయన అప్పలరాజు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. షిఫ్టుల ఉద్యోగం. సీ షిఫ్టు అంటే రాత్రి పదికి ఎక్కి పొద్దున్న ఆరుకి దిగడం. ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది. ఇంత తిని పడుకుంటే మళ్ళీ మధ్యాహ్నం మూడింటికి లేస్తాడు. ఆ వారమంతా మా ఇంట్లో పగలే రాత్రి.

షిఫ్టుల వాళ్ళ ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంటుంది. సీ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషిని లేపకూడదు. చుట్టాలొచ్చినా, గ్యాస్ బండొచ్చినా లేపకూడదు. మా వీధిలో అయితే గేటుకి ఒక తువ్వాలు కడతాం. అది చూస్తే చేపలమ్మే ఆవిడ కూడా కేక మానేసి, గేటు మీద వేలితో రెండుసార్లు కొట్టి ఊరుకుంటుంది. విజిల్ వేస్తుందని నేను కుక్కరు పెట్టను, పప్పు గిన్నెలోనే ఉడకేస్తాను. నిద్ర చాలక క్రేన్ ఎక్కితే కింద పనిచేసేవాళ్ళ ప్రాణాలకి ముప్పు, అందుకే ఇదంతా. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆయన్ని సీ షిఫ్టు నిద్రలోంచి ఒక్కసారి కూడా లేపలేదు నేను. అది గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఈ కట్టుబాటులో నష్టపోయింది నా టీవీ. అది హాల్లో, పడగ్గది గోడకి ఆనుకుని ఉంటుంది. మధ్యాహ్నం పూట నాకున్న సరదా అల్లా ఒక పాత సినిమా. ఏళ్ళ తరబడి సౌండు తీసేసి మూగబొమ్మలే చూశాను. కొందరు హీరోల గొంతు ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా సరిగ్గా తెలీదు.

మా తమ్ముడు సూరి గాజువాకలో టీవీలు బాగుచేస్తాడు. ఒకరోజు ఇంటికొచ్చి నా అవస్థ చూసి, "ఏటప్పా ఇది, హెడ్‌ఫోన్లు కొనుక్కోవచ్చు కదేటి" అని షాపుకి లాక్కెళ్ళాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆ కొనడం గురించి కొంచెం వివరంగా చెబుతాను. తరవాత జరిగినదానికి అది అవసరం.

షాపతను ముందు చెవిలో దూర్చుకునే గింజల్లాంటివి చూపించాడు. ఒకటి పడిపోతే మంచం కింద దేవులాడుకోవాలి, వద్దన్నాను. తరవాత వైరు లేని పెద్దవి. అవి రోజూ చార్జింగ్ పెట్టాలి. పైగా మా టీవీ పాతది, బ్లూటూత్ లేదు, దానికి వేరే డబ్బీ కొనాలి. కొన్నా మనిషి నోరు ముందు కదిలి మాట వెనక వస్తుందని సూరి చెప్పాడు. అవీ వద్దన్నాను. ఇంకో ఖరీదైన రకానికి బయట చిన్న మైకులున్నాయి. బటన్ నొక్కితే చుట్టుపక్కల శబ్దాలు లోపలికి వినిపిస్తాయట. "ఇంట్లో కూకుని సినిమా సూడ్డానికి ఇయ్యన్నీ దండగప్పా" అన్నాడు సూరి. ధర విన్నాక నాకూ అదే అనిపించింది.

చివరికి తీసుకున్నది వైరుది. వెయ్యి రూపాయల లోపే. చెవి మొత్తం కప్పే మెత్తటి గిన్నెలు. మైకు లేదు, బ్యాటరీ లేదు, ఒక్క బటన్ కూడా లేదు. టీవీ వెనక పిన్ను పట్టే రంధ్రం ఉందని ముందే ఫోనులో ఫొటో తీసుకెళ్ళాం. సోఫా దాకా అందడానికి ఇంకో పొడుగు వైరు కలిపాం. చెవిదిద్దులు నొక్కుకుంటాయేమోనని షాపులోనే పది నిమిషాలు పెట్టుకుని కూర్చున్నాను. నొక్కలేదు. రోడ్డు మీద బస్సు హారను కూడా ఎక్కడో దూరంగా వినిపించింది. సూరి నాకు ఒక్కటే చెప్పాడు, పిన్ను టీవీకి ఉంటేనే ఇది హెడ్‌ఫోను, పీకేస్తే ఉత్త చెవుల టోపీ అని.

రెండు వారాలు హాయిగా గడిచాయి. హీరోలందరికీ గొంతులొచ్చాయి.

ఆ రోజు ఆయన సీ షిఫ్టులో మూడో రోజు. ఏడుంపావుకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చెప్పులు కూడా తిన్నగా విడవలేదు. ఇడ్లీలు పెట్టి బట్టలారెయ్యడానికి మేడ మీదకి వెళ్ళాను. దిగొచ్చేసరికి పడగ్గది తలుపు మూసి ఉంది. ఇడ్లీలు ముట్టుకోలేదు.

ఆయనకి సుగరు ఉంది. టిఫినుకి ముందు మాత్ర వేసుకోవాలి. తిననే లేదంటే మాత్ర కూడా వేసుకోలేదేమో, లేచాక రెండూ కానిస్తాడులే అనుకున్నాను. లేపి తినిపించాలని మనసు ఒకసారి పీకింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. సీ షిఫ్టు మనిషిని లేపుతామా ఎక్కడైనా. ఇడ్లీల మీద మూత పెట్టి నా పని చూసుకున్నాను.

పదకొండున్నర అయ్యుంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని సినిమా చూస్తున్నాను. పెళ్ళిచూపుల సీను, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ మాటల కింద ఎవరిదో గురక వినిపించింది.

ముందు సినిమాలోదే అనుకున్నాను. మూల ఎవరైనా ముసలాయన పడుకున్నాడేమోనని చూశాను. ఎవరూ లేరు. చానెల్ మార్చాను. వార్తలొస్తున్నాయి. వాటి కింద కూడా అదే గురక. అప్పుడు పోల్చుకున్నాను, అది మా ఆయన గురక. పొడుగ్గా లాగి, మధ్యలో పిసరంత ఆగి, చివర్న ఈల వేసి వదులుతాడు. ఇరవై రెండేళ్ళు పక్కన పడుకుని విన్నది, వెయ్యి గురకల్లో కలిపినా పట్టేస్తాను.

టీవీ సౌండు పూర్తిగా తీసేశాను. గురక ఆగలేదు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. పడగ్గది వైపు చెవి పెట్టినా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకున్నాను. మళ్ళీ గురక. దీని దుంపతెగ, అప్పుడే పాడైపోయిందా అనుకుని లేచి వెళ్ళి టీవీ వెనక పిన్ను పీకేశాను. పిన్ను నా చేతిలో ఉంది. గురక అలాగే వినిపిస్తోంది.

అక్కడే నిలబడిపోయాను. గురక మెల్లగా పలచబడుతూ వచ్చి, ఒక ఈల దగ్గర ఆగింది. తరవాత రావాల్సిన ఊపిరి కోసం చూశాను. అది రాలేదు.

హెడ్‌ఫోన్లు ఎక్కడ పడేశానో గుర్తు లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, తలుపు మీద చెయ్యి వేసి కూడా ఒక్క క్షణం ఆలోచించాను, లేపితే తిడతాడేమోనని. అంత పట్టేసింది ఆ కట్టుబాటు నన్ను. తరవాత తోసేశాను.

ఆయన గోడవైపు తిరిగి పక్కకి పడుకుని ఉన్నాడు. పక్కకి తిరిగితే ఆయనకి గురక రాదు, రాత్రుళ్ళు గురక పడలేక అలా తోసి తిప్పేది నేనే. దుప్పటి చెమటకి తడిసి ముద్దైపోయింది. ఒళ్ళు చల్లగా తగిలింది. "బావా, బావా" అని కుదిపాను. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. ఊపిరి సన్నగా ఆడుతోంది. మంచం పక్కన మాత్రల అట్ట కనబడింది. అందులో ఆ రోజు మాత్ర లేదు. నిద్రమత్తులో మాత్ర వేసుకుని, తినకుండా పడుకుండిపోయాడన్నమాట. మాత్ర పడి తిండి పడకపోతే సుగరు దిగిపోతుంది.

ఎదురింటి పద్మావతిగారిది రాజమండ్రి. నర్సుగా చేసి రిటైరయ్యారు. నా కేకకి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. నేను గ్లాసుతో నీళ్ళు పట్టబోతే చెయ్యి పట్టి ఆపేశారు. "నీళ్ళు పొయ్యకమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాస్త తేనె ఉంటే బుగ్గ లోపల రాయి" అన్నారు. వాళ్ళింటి నుంచి తెప్పించిన మిషనుతో సుగరు చూసి, అంకె నాకు చెప్పకుండానే వాళ్ళాయన్ని కారు తియ్యమన్నారు.

మెయిన్ రోడ్డు మీది నర్సింగ్ హోములో నరానికి గ్లూకోజు ఎక్కించారు. నేను ఆయన కాళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఇడ్లీల మీద మూత పెట్టిన చెయ్యి అది. దాన్ని నరికేసుకోవాలనిపించింది. కాసేపటికి ఆయన కళ్ళు తిప్పాడు. చుట్టూ చూసి, నన్ను చూసి, మొహం చిట్లించాడు.

"ఎందుకే లేపీసినావు? ఇంకా మూడవ్వనేదు కదేటి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన భుజం మీద నాలుగు దెబ్బలేసి గట్టిగా ఏడ్చేశాను. పేషెంటుని కొడుతున్నారేంటమ్మా అని నర్సు కసిరింది. పద్మావతిగారు నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. అంత సంతోషంగా నేను ఏనాడూ ఏడవలేదు.

డాక్టరుగారు నన్ను అడిగారు, నిద్రపోతున్న మనిషి దగ్గరికి ఆ టైముకి ఎందుకెళ్ళారని. గురక ఆగిందని వెళ్ళానన్నాను. మంచి పని చేశారు, మూడింటిదాకా వదిలేసి ఉంటే మన చేతిలో ఉండేది కాదు అన్నారు. ఆ గురక నేను ఎక్కడ విన్నానో ఆయనకి చెప్పలేదు. చెబితే నాకు కూడా ఓ మంచం వేయించేవారు.

సూరికి మాత్రం చెప్పాను. వాడు హెడ్‌ఫోన్లు విప్పి నా ముందు పెట్టాడు. ఒక్కో గిన్నెలో పల్చటి స్పీకరు, రెండు సన్నటి వైర్లు. అంతే, ఇంకేం లేదు. మళ్ళీ బిగించి, బావ నిద్రపోయేటప్పుడు నన్ను కూర్చోబెట్టి, పిన్ను పెట్టీ పీకీ పరీక్ష చేశాడు. ఏమీ వినిపించలేదు. పద్మావతిగారూ పెట్టుకుని చూశారు. నా చెవుల మీదే అనుమానమొచ్చి సీతమ్మధారలో చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. శుభ్రంగా ఉన్నాయన్నారు.

"తిననేదని నువ్వు సూసినావు కదప్పా. భయం లోపలే ఉంది, అదే గురకై వినిపించుంటాది" అంటాడు సూరి. అయ్యుండొచ్చు. వాడు చదువుకున్నవాడు. కానీ లోపలి భయమే అయితే హెడ్‌ఫోన్లు తీసినప్పుడు ఎందుకు ఆగింది, పెట్టుకోగానే ఎందుకు మొదలైంది? పక్కకి తిరిగి పడుకున్న మనిషి గురక ఎలా పెట్టాడు? మా ఆయనని అడిగితే, "ఇన్నాళ్ళూ నా గురకని తిట్టీసినావు, సూసినావా మరి" అని మీసం తిప్పుతాడు.

దెయ్యాలు ఇప్పటికీ నమ్మను. ఇది ఏమిటో మాత్రం చెప్పలేను. చెప్పాలని ఇప్పుడు పెద్దగా పట్టింపు కూడా లేదు, మనిషి దక్కాడు నాకు.

ఇప్పుడు మా ఇంట్లో సీ షిఫ్టు వారంలో మాత్ర నా దగ్గరే ఉంటుంది. తిన్నాకే తలుపు ముయ్యనిస్తాను. అయినా పదకొండు కొట్టేసరికి కాలు ఆగదు. తలుపు తీసి వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేస్తాను. కట్టుబాటు లేదు, ఏం లేదు. ఆయన కళ్ళు తెరవకుండానే, "బతికే ఉన్నానే, తలుపేసీ" అని కసురుతాడు. ఆ కసురు విన్నాకే నాకు అన్నం వండుకోబుద్ధవుతుంది.